జన్యువులో అడ్డు పడితే అది ఆగిపోయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

ఫలానా జన్యువును పనిచేయకుండా చేస్తే మొక్క కరవును తట్టుకుందనీ, మరో జన్యువును దెబ్బతీస్తే కంకికి గింజలు పెరిగాయనీ వ్యవసాయ పేజీల్లో తరచుగా చదువుతున్నాం. 2025 మేలో జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రకటించాక ఇలాంటి వార్తలు ఇంకా పెరిగాయి. ఆ రెండిట్లో డీఆర్ఆర్ ధాన్ 100కు మూలం మన బాపట్ల సాంబమసూరి (బీపీటీ 5204), పూసా డీఎస్టీ రైస్ 1కి మూలం ఎంటీయూ 1010. కాబట్టి ఈ జిల్లాల్లో ఆసక్తి ఉండడం సహజమే. అయితే ఒక జన్యువు ఆగిందో లేదో ఎలా తేలుస్తారన్న సంగతి మాత్రం ఎక్కడా కనిపించదు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ప్రాజెక్టులు చేసే పిల్లలు తడబడేది కూడా సరిగ్గా అక్కడే. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాం.

ఒక జన్యువు ఏం పని చేస్తుందో తెలుసుకోవడానికి పాత పద్ధతి దాన్ని చెడగొట్టి చూడడం. ఆగ్రోబాక్టీరియం అనే నేల బాక్టీరియాకు తన డీఎన్ఏలో ఒక ముక్కను మొక్క కణంలోకి పంపే అలవాటు ఉంది. ఆ ముక్కే టి-డీఎన్ఏ. అది మొక్క క్రోమోజోముల్లో ఎక్కడ పడితే అక్కడ దూరుతుంది. లక్షల మొక్కల్లో అలా దూర్చి, ఏ మొక్కలో ఎక్కడ దూరిందో జాబితా రాసుకుంటే, కావలసిన జన్యువు చెడిన మొక్కను జాబితాలో వెతికి విత్తనం తెప్పించుకోవచ్చు. ఆవ కుటుంబానికి చెందిన చిన్న కలుపు మొక్క అరబిడాప్సిస్‌లో అమెరికాలోని సాల్క్ సంస్థ 2003లో 88,000కు పైగా ఇలాంటి చోట్లను గుర్తించి ప్రకటించింది. జర్మనీలో గాబి-క్యాట్ లైన్లు (ఒక్కో చోట ముక్క దూరిన మొక్కల సంతతులు) వచ్చాయి. వరిలో కొరియా వాళ్లు టి-డీఎన్ఏతో, జపాన్ వాళ్లు వరిలోనే సహజంగా ఉండే టాస్17 అనే గెంతే డీఎన్ఏతో ఇదే పని చేశారు.

విత్తనం వస్తుంది. మొలకెత్తిస్తారు. జన్యువు పనిచేస్తే దాని నకలుగా ఆర్ఎన్ఏ తయారవుతుంది. ఆకు నుంచి ఆ ఆర్ఎన్ఏ తీసి, దాన్ని సీడీఎన్ఏగా (డీఎన్ఏ రూపంలోకి) మార్చి, అది ఎంత ఉందో కొలిచే క్యూపీసీఆర్ మిషన్లో పెడతారు. జన్యువు చెడింది కదా, సున్నా రావాలని ఎదురుచూస్తుంటే మామూలు మొక్కకన్నా ఎనిమిది రెట్లు ఎక్కువ వస్తుంది! లేదా ఏ తేడా లేకుండా సమానంగా వస్తుంది. అప్పుడు కొందరు విత్తనం తప్పు వచ్చిందని పారేస్తారు. కొందరు 'ఓవర్ ఎక్స్‌ప్రెషన్ లైను' (జన్యువు ఎక్కువగా పనిచేసే లైను) అని పేరు మార్చి థీసిస్‌లో ఎక్కిస్తారు. అన్నిటికన్నా చెడ్డది ఇంకొకటుంది: సున్నాకు దగ్గరగా వచ్చేదాకా ప్రైమర్లు (ఏ భాగాన్ని కొలవాలో గుర్తించే చిన్న డీఎన్ఏ తునకలు) మారుస్తూ పోయి, వచ్చిన ఆ ఒక్కటే చూపించడం.

చాలాసార్లు మిషన్ చెప్పింది నిజమే. మనం అడిగిన ప్రశ్నే తప్పు.

క్యూపీసీఆర్ మొత్తం జన్యువును చూడదు. రెండు ప్రైమర్ల మధ్య ఉన్న 80 నుంచి 150 అక్షరాల (డీఎన్ఏ బేసుల) చిన్న తునకను మాత్రమే లెక్కపెడుతుంది. జన్యువు పొడవు రెండు మూడు వేల అక్షరాలు ఉండొచ్చు. టి-డీఎన్ఏ దూరిన చోటికి ఆ తునక ముందుందా, వెనకుందా, రెండు పక్కలా కాలు వేసిందా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. గుంటూరు–తెనాలి–రేపల్లె లైనునే తీసుకోండి. వేజండ్ల దగ్గర పట్టా తెగితే గుంటూరులో బయలుదేరిన బండి వేజండ్ల దాకా వచ్చి ఆగుతుంది. తెనాలిలో బయలుదేరి రేపల్లె పోయే బండికి దాంతో పనిలేదు. రేపల్లెలో నిలబడి బండ్లు లెక్కపెట్టి, పట్టా బాగానే ఉందని రాసేస్తే ఎలా?

తెనాలిలో బండి బయలుదేరించేది ఎవరంటే, ఆ టి-డీఎన్ఏ ముక్కలోనే ఉన్న ప్రమోటరు, అంటే జన్యువును చదవడం మొదలుపెట్టించే డీఎన్ఏ భాగం. సాల్క్ లైన్లకు వాడిన ముక్కలో కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసిన 35ఎస్ ప్రమోటరు ఉంది. మొక్కల్లో వాడే ప్రమోటర్లలో అది బాగా బలమైనది. ముక్క ఏ దిక్కుకు తిరిగి కూర్చుందో దాన్ని బట్టి అది బయటికి, పక్కనున్న మన జన్యువులోకి కూడా చదివించగలదు. అప్పుడు అడ్డు (అంటే దూరిన టి-డీఎన్ఏ) తర్వాతి భాగం నుంచి మామూలు కంటే ఎక్కువ ఆర్ఎన్ఏ తయారవుతుంది. జన్యువు మొదటి భాగం లేని ఆ మొండి ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీను రాకపోవచ్చు. కానీ లోపల సరైన వరసలో ఇంకో ఏటీజీ (ప్రోటీను తయారీ మొదలయ్యే గుర్తు) ఉంటే తల లేని ప్రోటీను రావచ్చు. అది కొంత పని చేయవచ్చు కూడా. అడ్డుకు ముందున్న భాగంలోనూ జన్యువు సొంత ప్రమోటరు ఊరుకోదు. అక్కడిదాకా చదివి, టి-డీఎన్ఏలో ఏదో ఒక చోట ఆగుతుంది. అందుకే ముందు భాగం ప్రైమర్లతో కూడా మామూలు స్థాయి కనిపిస్తుంది.

దీనికి విరుగుడు కష్టం కాదు. ఒక జత బదులు మూడు జతల ప్రైమర్లు కావాలి. ఒకటి అడ్డుకు ముందు, ఒకటి అడ్డుకు రెండు పక్కలా, ఒకటి అడ్డు తర్వాత. ఉదాహరణకు రిఫరెన్స్ జన్యువు (పోలికకు వాడే, స్థాయి మారని జన్యువు) సీటీ విలువ రెండు మొక్కల్లోనూ 22 అనుకుందాం. సీటీ అంటే సిగ్నల్ కనిపించడానికి పట్టిన చక్రాల సంఖ్య; అది తగ్గితే ఆర్ఎన్ఏ ఎక్కువున్నట్టు. అడ్డు తర్వాతి జతతో మామూలు మొక్కలో 26, మ్యూటెంటులో (జన్యువు చెడిన మొక్కలో) 23 వచ్చాయి. తేడాలు 4, 1. వాటి మధ్య వ్యత్యాసం 3. ఒక్కో సీటీకి రెట్టింపు కాబట్టి 2ను మూడుసార్లు గుణిస్తే 8 రెట్లు. అదే సీడీఎన్ఏలో ముందు జతతో రెండు మొక్కల్లోనూ 26 వస్తే స్థాయి సమానం. రెండు పక్కలా వేసిన జతతో మామూలు మొక్కలో 26 వచ్చి, మ్యూటెంటులో 38 దాటినా సిగ్నల్ రాకపోతే, పూర్తి ఆర్ఎన్ఏ లేనట్టే. ఒకే మొక్క, ఒకే ఆర్ఎన్ఏ, మూడు జవాబులు. థీసిస్‌లో మూడూ ఉండాలి. మధ్య జతే ముఖ్యమని మిగతా రెండూ దాచకూడదు, ఎందుకంటే మొండి ఆర్ఎన్ఏ ఉందన్న సంగతి తర్వాత మొక్క లక్షణాలను వివరించేటప్పుడు కావాలి. అదనపు ప్రైమర్ల ఖర్చు ఒక ఆర్ఎన్ఏ కిట్టు ధరలో చిన్న వంతు.

సీడీఎన్ఏ ఎలా చేశారన్నదీ చూడాలి. ఓలిగో-డీటీ అనే ప్రైమరుతో చేస్తే చివర 'ఏ' అక్షరాల తోక ఉన్న ఆర్ఎన్ఏ మాత్రమే దొరుకుతుంది. అడ్డు దగ్గర తోక లేకుండా తెగిన ముక్కలు లెక్కలోకి రావు. ర్యాండమ్ హెక్సామర్లతో (ఎక్కడైనా అతుక్కునే ఆరక్షరాల ప్రైమర్లతో) చేస్తే అవి కూడా వస్తాయి. ఒకే ల్యాబులో ఇద్దరు చెరో పద్ధతి వాడి, ఫలితాలు కలవడం లేదని కొట్టుకోవడం మామూలే.

టి-డీఎన్ఏ ఇంట్రాన్‌లో దూరితే కథ వేరు. ఇంట్రాన్ ఎలాగూ ఆర్ఎన్ఏ నుంచి కత్తిరించి పారేసే భాగం. లోపల నాలుగైదు వేల అక్షరాల ముక్క ఉన్నా మొక్క కొన్నిసార్లు దాన్నీ కలిపి కత్తిరించేస్తుంది. అప్పుడు కొద్దిపాటి సరైన ఆర్ఎన్ఏ బయటికొస్తుంది. మామూలులో పది శాతమే ఉన్నా కొన్ని ఎంజైములకు అది చాలు. ఇలాంటి లైనులో రెండు పక్కలా వేసే ప్రైమర్లు ఇంట్రాన్ అంచుల్లో కాక, దానికి అటూ ఇటూ ఉన్న ఎక్సాన్లలో (కత్తిరించాక మిగిలే భాగాల్లో) ఉండాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్రాన్‌లో అడ్డు ఉన్న మ్యూటెంటును వేరే టి-డీఎన్ఏ మ్యూటెంటుతో సంకరం చేస్తే, రెండో టి-డీఎన్ఏ ప్రభావంతో మొదటిది ఎపిజెనెటిక్‌గా (డీఎన్ఏ అక్షరాలు మారకుండానే) మారి, ఇంట్రాన్ సవ్యంగా కత్తిరింపుకు గురై, జన్యువు మళ్లీ పనిచేయడం మొదలైన సందర్భాలు అరబిడాప్సిస్‌లో నమోదయ్యాయి. రెండో టి-డీఎన్ఏను తర్వాతి తరంలో వేరుచేసినా ఆ మార్పు నిలిచే ఉంటుంది. డబుల్ మ్యూటెంటులో లక్షణం మాయమైందంటే రెండో జన్యువు మొదటిదాన్ని సరిదిద్దిందని వెంటనే రాసేయకండి. ముందు మొదటి జన్యువు ఆర్ఎన్ఏను మళ్లీ కొలవండి.

మరో పొరపాటు మొక్కల లెక్కలోనే జరుగుతుంది. వచ్చిన విత్తనం తరచుగా కలగలుపుగా ఉంటుంది. ఒక్కో మొక్కకు జీనోటైపింగ్ (ఎన్ని కాపీలు చెడ్డాయో తేల్చే డీఎన్ఏ పరీక్ష) చేయకుండా 20, 30 మొలకలు కలిపి నూరితే, పావు వంతు మామూలు మొక్కలు, సగం ఒక కాపీ ఉన్నవి, పావు వంతే అసలు మ్యూటెంట్లు. మొత్తం మీద ఆర్ఎన్ఏ సగానికి వస్తుంది. 'జన్యువు 50 శాతం తగ్గింది' అని ఎన్ని ప్రాజెక్టు రిపోర్టుల్లో ఉందో చూస్తే, అందులో కొన్ని ఈ బాపతే అనిపిస్తుంది. జీనోటైపింగ్‌లో చూసేవి రెండు: జన్యువు ఎడమ, కుడి ప్రైమర్ల జతతో సుమారు 1,000 అక్షరాల బ్యాండు (మంచి కాపీకి గుర్తు), టి-డీఎన్ఏ సరిహద్దు ప్రైమరు–కుడి ప్రైమరు జతతో 500–700 అక్షరాల బ్యాండు (చెడిన కాపీకి గుర్తు). రెండూ వస్తే ఒక కాపీ, రెండోది ఒక్కటే వస్తే రెండు కాపీలూ చెడినట్టు. కానీ 1,000 బ్యాండు రాకపోవడానికి డీఎన్ఏ బాగాలేకపోవడం కూడా కారణం కావచ్చు. కాబట్టి అదే డీఎన్ఏలో వేరే జన్యువు బ్యాండు వస్తోందని చూపాలి. కనామైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న పళ్లెంలో మొలకలు బతుకుతాయా అన్నదాని మీద మాత్రమే ఆధారపడడం సాల్క్ లైన్లలో పనికిరాదు. వాటిలో కనామైసిన్ నిరోధక జన్యువు కొన్ని తరాలకు మూగబోవడం బాగా తెలిసిన విషయం. ముక్క ఉంటుంది, మొలక మాత్రం పాలిపోతుంది.

సగటున ఒక లైనులో టి-డీఎన్ఏ ఒకటిన్నర చోట్ల ఉంటుందని అంచనా. అంటే చాలా లైన్లలో మనకు తెలియని రెండో ముక్క ఇంకెక్కడో ఉంది. ఒకే చోట రెండు మూడు ముక్కలు తలలు కలుపుకుని దూరడం, క్రోమోజోము తెగి వేరే చోట అతుక్కోవడం కూడా జరుగుతాయి. రెండు సార్లయినా మామూలు మొక్కతో వెనక్కి సంకరం చేయకుండా లక్షణాల గురించి గట్టిగా మాట్లాడకూడదు. ముక్కలోని ఎన్‌హాన్సర్ (జన్యువుల పనిని పెంచే డీఎన్ఏ భాగం) పక్క జన్యువులను కూడా లేపుతుంది. కొరియా వరి లైన్లలో కొన్నింటిలో 35ఎస్ ఎన్‌హాన్సర్‌ను కావాలనే నాలుగు ప్రతులు పెట్టారు. అక్కడ మన జన్యువు ప్రమోటరులో ముక్క దూరితే తగ్గడం బదులు పెరగడమే జరగవచ్చు, లేదా మొక్కలో కనిపించే తేడా అంతా పక్క జన్యువుది కావచ్చు. కాబట్టి అటూ ఇటూ పదివేల అక్షరాల దూరంలో ఉన్న జన్యువులను కూడా ఒకసారి కొలవడం మంచిది. టాస్17 లైన్లలో ముక్కలు ఒకటి కాదు, పలు చోట్ల ఉంటాయి. టిష్యూ కల్చర్ వల్ల వచ్చే ఇతర మార్పులు దానికి అదనం.

ఇక ల్యాబు తప్పులు. డీఎన్ఏస్ (డీఎన్ఏను తినేసే ఎంజైము) సరిగా వాడకపోతే ఆర్ఎన్ఏలో మిగిలిన డీఎన్ఏ కూడా లెక్కకొస్తుంది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్ఎన్ఏను సీడీఎన్ఏగా మార్చే ఎంజైము) వేయని ట్యూబు ప్రతి నమూనాకూ పెట్టాలి. వేసినదానికీ వేయనిదానికీ సీటీ తేడా 7 ఉంటే డీఎన్ఏ వంతు ఒక శాతానికి లోపే, ఫర్వాలేదు. తేడా 3 ఉంటే ఎనిమిదో వంతు డీఎన్ఏనే, ఆ కొలత పనికిరాదు. ప్రైమర్లు జన్యు కుటుంబంలోని సోదర జన్యువును కూడా పట్టుకుంటే సున్నా ఎప్పటికీ రాదు. మెల్ట్ కర్వ్‌లో (తునకను వేడి చేసి విడదీసినప్పుడు వచ్చే గీతలో) ఒకే శిఖరం ఉందా, తునకను సీక్వెన్స్ చేస్తే మన జన్యువేనా అన్నది చూసుకోవాలి. ప్రైమరు సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య ఉంటేనే పైన చెప్పిన రెట్టింపు లెక్క చెల్లుతుంది.

రిఫరెన్స్ జన్యువు విషయంలో మన ఊళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అరబిడాప్సిస్‌కు 22 డిగ్రీలు కావాలి. మే నెలలో విజయవాడలో బయట 44, 45 ఉన్నప్పుడు కరెంటు పోయి జనరేటరు అందుకునేలోగా ఛాంబరులో వేడి ఎక్కుతుంది. ఆ కాసేపట్లోనే వేడికి స్పందించే జన్యువులు లేస్తాయి, యాక్టిన్ లాంటి 'స్థిరమైన' జన్యువు కదలవచ్చు. రిఫరెన్స్ సగానికి పడితే మిగతా జన్యువులన్నీ రెట్టింపు పెరిగినట్టు కనిపిస్తాయి! ఒక్క యాక్టిన్‌నే నమ్ముకోకుండా పీపీ2ఏ, యూబిక్విటిన్‌లలో ఇంకొకటైనా కలిపి, రెండూ కలిసే కదులుతున్నాయా చూడాలి. మామూలు మొక్కలు ఒక షెల్ఫులో, మ్యూటెంట్లు ఇంకో షెల్ఫులో పెట్టవద్దు. ఉదయం పదింటికి కొన్ని, భోజనం తర్వాత కొన్ని కోయవద్దు. రోజులో వేళను బట్టి స్థాయి మారే జన్యువులు మొక్కలో వేలల్లో ఉన్నాయి. కోసిన ఆకు చేతిలో పట్టుకుని లిక్విడ్ నైట్రోజన్ కోసం వరండా దాటి వెళ్లకూడదు, ఫ్లాస్కే మొక్క దగ్గరికి రావాలి. మూడు రెప్లికేట్లంటే ఒకే ఆర్ఎన్ఏను మూడు బావుల్లో పోయడం కాదు, వేర్వేరు కుండీల్లోని మొక్కల నుంచి విడివిడిగా తీసిన మూడు ఆర్ఎన్ఏలు.

ఇవన్నీ సరిగా ఉన్నా స్థాయి పెరిగే సందర్భం ఒకటుంది. అందులో తప్పేమీ లేదు. జన్యువు తయారుచేసే పదార్థం తగ్గినప్పుడు మొక్కే ఆ జన్యువును ఇంకా గట్టిగా నడుపుతుంది. మొక్కను పొడవు పెంచే జిబ్బరెలిన్ హార్మోను దారి దీనికి మంచి ఉదాహరణ. అరబిడాప్సిస్‌లో జీఏ4 జన్యువు చెడిన మొక్కలో ఆ జన్యువు ఆర్ఎన్ఏనే పెరగడం 1990ల్లోనే గమనించారు. హార్మోను తక్కువైంది కాబట్టి తయారీ ఆదేశం ఎక్కువైంది, తయారయ్యేది మాత్రం చెడిపోయిన ప్రోటీను. పొట్టి వరి రకాలకు ఆధారమైన ఎస్‌డీ1 కూడా ఇదే హార్మోను తయారీలో ఒక మెట్టు. ఈ దారిలోని ఏ మ్యూటెంటును కొలిచినా ఆర్ఎన్ఏ పెరగడం చూసి బెదరాల్సిన పనిలేదు. బయటి నుంచి జిబ్బరెలిన్ ఇచ్చి, స్థాయి దిగుతుందా అని చూస్తే సంగతి తేలుతుంది.

జన్యు సవరణ వరికి వస్తే ఇదే చిక్కు తలకిందులుగా ఎదురవుతుంది. సవరణలో ఒకటి రెండు అక్షరాలు పోవచ్చు. ప్రమోటరు చెక్కుచెదరదు, ఆర్ఎన్ఏ కొన్నిసార్లు మామూలు స్థాయిలోనే ఉంటుంది, ప్రోటీను మాత్రం మధ్యలో తెగిపోతుంది. అక్కడ క్యూపీసీఆర్ చూసి 'జన్యువు ఆగలేదు' అనడం ఎంత తప్పో, టి-డీఎన్ఏ మొక్కలో జాబితా చూసి 'ఆగింది' అనడం అంతే తప్పు. డీఆర్ఆర్ ధాన్ 100లో దెబ్బతీసింది సైటోకైనిన్‌ను విరగ్గొట్టే ఎంజైము జన్యువును. ఆ హార్మోను మిగిలి కంకిలో గింజలు పెరుగుతాయన్నది అందులోని ఆలోచన. అలాంటి చోట ఆర్ఎన్ఏ కొలత కన్నా సీక్వెన్సు, ఎంజైము పని, హార్మోను మోతాదు ఎక్కువ చెబుతాయి.

గుంటూరు పత్తి రైతుకు ఇందులో ఒక భాగం ముందే తెలుసు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలోనూ, తర్వాత వచ్చిన రకాల్లోనూ విషపు ప్రోటీను అన్ని భాగాల్లో, అన్ని వయసుల్లో ఒకే మోతాదులో ఉండదు. పైరు ముదిరేకొద్దీ తగ్గుతుంది. ఒకే జన్యువును వేర్వేరు మొక్కల్లోకి పంపినా దూరిన చోటును బట్టి ఒక్కోదాంట్లో ఒక్కో బలం వస్తుంది. కంపెనీలు ఎన్నో మొక్కలు చేసి ఒక్కదాన్ని ఎంచుకునేది అందుకే.

మా అభ్యర్థన రెండు వైపులా ఉంది. మీ విలేకరులు ఇలాంటి పరిశోధన గురించి రాసేటప్పుడు ముక్క జన్యువులో ఏ భాగంలో దూరింది, పూర్తి ఆర్ఎన్ఏ ఉందా లేదా, ప్రోటీను చూశారా, అదే జన్యువు చెడిన రెండో లైనులో కూడా ఇదే లక్షణం వచ్చిందా, మంచి జన్యువును దాని సొంత ప్రమోటరుతో తిరిగి పెడితే మొక్క బాగుపడిందా అని అడగాలి. చివరి రెండు ప్రశ్నలకు జవాబు లేని పరిశోధన వార్తకు ఇంకా పచ్చిదే. ప్రాజెక్టు గైడులు మాత్రం, అనుకోని స్థాయి వచ్చిన లైనును పారేయనివ్వవద్దు. టి-డీఎన్ఏ విత్తనాలు జన్యుమార్పిడి కిందికే వస్తాయి. సంస్థ జీవభద్రత కమిటీ, ఆర్‌సీజీఎం (కేంద్ర జన్యుమార్పిడి సమీక్ష కమిటీ) అనుమతులు దాటి, ఎన్‌బీపీజీఆర్ (జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ) ద్వారా దిగుమతి కావాలి. 2022 మార్చిలో వచ్చిన మినహాయింపు పరాయి డీఎన్ఏ లేని జన్యు సవరణ మొక్కలకే గానీ వీటికి కాదు. అన్ని నెలలు ఆగి తెప్పించుకున్న విత్తనాన్ని ఒక జత ప్రైమర్ల మాట విని చెత్తబుట్టలో వేయడం దండగ, పైగా ఆటోక్లేవ్ చేయకుండా (ఆవిరితో మొలకెత్తకుండా చంపకుండా) చెత్తబుట్టలో వేయడం నిబంధనలకే విరుద్ధం.

మిరపలో చేస్తున్న పిల్లలకు ఒక మాట. మిరపలోకి జన్యువులు పంపడం చాలా కష్టం కాబట్టి ఇలాంటి పెద్ద టి-డీఎన్ఏ జాబితాలు దానికి లేవు. ఎక్కువమంది టీఆర్‌వీ (టొబాకో రాటిల్ వైరస్) అనే మొక్కల వైరస్‌తో జన్యువును తాత్కాలికంగా మూగబుచ్చే పద్ధతి వాడుతున్నారు. అక్కడ కూడా వైరస్‌లో పెట్టిన తునక మీదే క్యూపీసీఆర్ ప్రైమర్లు పడితే వైరస్ ఆర్ఎన్ఏనే లెక్కకొచ్చి, జన్యువు వందల రెట్లు పెరిగినట్టు చూపిస్తుంది. ప్రైమర్లలో ఒకటైనా ఆ తునకకు బయట ఉండేలా చూసుకోండి.

– మొక్కల జన్యుశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు, గుంటూరు